నగరిలో ఒక నిమిషం నిశ్శబ్దం

మా ఆయన సత్యం చెవిలో ఒక ఈల ఉంది. రెండేళ్ళుగా అది ఆగలేదు. ఇరవై రెండేళ్ళు రేకుల షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య పనిచేసిన చెవులవి. డాక్టరు చూసి, ఇది తగ్గేది కాదమ్మా, అలవాటు చేసుకోవాలి, ప్రశాంతంగా ఉండే చోటికి మారండి అన్నాడు. గాజువాకలో ప్రశాంతమైన చోటు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

మొగుణ్ణి పేరు పెట్టి రాస్తుందేమిటి అనుకునేవాళ్ళకి ఒక మాట. పెళ్ళైన కొత్తలోనే పేరు పెట్టి పిలిచాను, మా అత్తగారు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. అంత ఖర్చు పెట్టి సంపాదించుకున్న హక్కు ఇప్పుడెందుకు వదులుకోవాలి?

నా పనికీ నిశ్శబ్దమే కావాలి. పిల్లల కథలు చదివి, రికార్డు చేసి పంపిస్తాను, వాటిని పిల్లలు ఫోన్లలో వింటారు. మా ఇంటి ముందు లారీల రోడ్డు. అందుకని బీరువా తలుపులు తెరిచి, బట్టల మధ్య తల దూర్చి, పైన బొంత కప్పుకుని చదువుతాను. అది చూసి సత్యం పడీ పడీ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. రోజుకి రెండు గంటలు కూడా నిద్రలేని మనిషికి నవ్వెక్కడ వస్తుంది? మొన్న వేసవిలో ఒకరోజు మేడ మీద పిట్టగోడ ఎక్కి కూర్చుని కిందికి చూస్తున్నాడు. ఏం చేస్తున్నావని అడిగితే, ఇది ఎప్పుడాగుతుందా అని చూస్తున్నా అన్నాడు. చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఈ ఊళ్ళో ఇంక ఉండకూడదని.

తిరుపతి వైపే ఎందుకంటే, కొండకి వెళ్ళినప్పుడల్లా ఆ పొడి గాలి ఆయనకి పడేది. అద్దెలు కూడా మా వైపు కంటే తక్కువని విన్నాం. అంతకు మించి పెద్ద ఆలోచనేమీ లేదు. ఐదు రోజులు తిరిగి, ఎక్కడో ఒకచోట ఇల్లు ఖాయం చేసుకుని రావాలన్నదే పని.

నాకో అలవాటుంది, అది ముందే చెప్పాలి. ఏ గదిలో చదివినా ముందు ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆ గదిని రికార్డు చేస్తాను. మాటల మధ్య ఖాళీలు అతకడానికి అది అవసరం. ఖాళీ గది అంటారు కానీ ఏ రెండు గదుల ఖాళీ ఒకలా ఉండదు. ఈ ప్రయాణంలో చూసిన ప్రతి ఇంట్లోనూ ఒక నిమిషం పట్టి తెచ్చుకున్నాను.

ఏర్పేడు

మొదటి రోజే పొరపాటు. కండక్టరు ఏర్పేడు, ఏర్పేడు అని అరిచింది సత్యం కుడి చెవి వైపు. అది వినబడని చెవి. నేను కొండలు చూస్తూ కూర్చున్నాను. తీరా దిగేసరికి ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం. ఎండలో వెనక్కి నడుస్తుంటే రోడ్డు పక్కన ఒకామె ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముతోంది. మా వైపు పల్లీలంటే, ఈ వైపు చెనక్కాయలు. గ్లాసు ఇరవై రూపాయలు. కొలిచి పోశాక పైన మరో గుప్పెడు వేసింది. మా ఊళ్ళో ఆ గుప్పెడు కోసం పోట్లాడాలి.

పెద్ద చదువుల కాలేజీ వచ్చాక ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయట. బ్రోకరు మమ్మల్ని తీసుకెళ్ళిన లేఅవుటులో రోడ్లున్నాయి, రోడ్లకి పేర్లున్నాయి, వరసగా దీపస్తంభాలున్నాయి. ఇళ్ళు ఒక నలభై ఉంటాయి. అన్నిటికీ తాళాలే. కానీ ప్రతి గడప ముందూ ఆ పొద్దున వేసిన ముగ్గు ఉంది. తాళాలు తుప్పు పట్టి ఉన్నాయి, ముగ్గులు మాత్రం కొత్త కళ్ళాపి మీద తెల్లగా మెరుస్తున్నాయి.

అదేమిటని అడిగితే బ్రోకరు నవ్వి, ఓనర్లు ఊళ్ళో ఆడమనిషిని పెట్టుకున్నారని, ఇల్లు పాడుబడినట్టు కనపడకూడదని ఆమె తెల్లారుతూనే వచ్చి నలభై ఇళ్ళకీ ముగ్గులేసి పోతుందని చెప్పాడు. ఎవరూ తొక్కని ముగ్గులు. ఒక్కదాని మీద కూడా కాలి గుర్తు లేదు.

“ఈడ సప్పుడనేదే ఉండదు సార్. సూది పడినా ఇనిపిస్తాది” అన్నాడు బ్రోకరు. మధ్యాహ్నం పూట ఉండి చూడండి, నచ్చితే సాయంత్రం మాట్లాడుకుందాం అని తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోయాడు. నెలకి ఆరు వేలు. మంచం, ఫ్యాను, మంచినీళ్ళ కుండ ఉన్నాయి. నేను ఒక నిమిషం గదిని రికార్డు చేసుకున్నాను. నా జీవితంలో అంత శుభ్రమైన నిమిషం దొరకలేదు. పిట్ట కూడా లేదు. ఇక్కడ రోజుకి నాలుగు కథలు చదవచ్చని లోపల్లోపల ఎగిరి గంతేశాను.

పావుగంట కాలేదు, సత్యం లేచి రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. ఏమైందంటే, పెరిగింది అన్నాడు. బయట ఏ చప్పుడూ లేకపోయేసరికి లోపలి ఈల ఒక్కటే మిగిలిందట. తలంతా అదే నిండిపోయిందట. నేను నీళ్ళు తెచ్చేలోపు ఇంట్లో లేడు. పరుగెత్తుకుంటూ బయటికొస్తే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర, దాని గుర్రుమనే చప్పుడుకి ఎడమ చెవి అప్పగించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఖాళీ ఊరంతటికీ ఒక్క మనిషి, కరెంటు చప్పుడు వింటూ. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

తాళం బ్రోకరుకి ఇచ్చేశాం. వస్తూ వస్తూ చూశాను. ఆ ఇంటి ముందు ముగ్గు మీద మా నాలుగు పాదాల గుర్తులు మాత్రమే ఉన్నాయి.

శ్రీకాళహస్తి

గుడి వీధికి దగ్గర్లో లుంగీలు, తువ్వాళ్ళు అమ్మే దుకాణం బాషాగారిది. తువ్వాలు కొనడానికి ఎక్కిన మేము గంటన్నర కూర్చుండిపోయాం. ఆయన లోపలికి తిరిగి భార్యతో ఉర్దూలో ఒక మాట అంటే, రెండు గ్లాసుల టీ, పళ్ళెంలో సేమ్యా వచ్చాయి. డబ్బులివ్వబోతే, కొట్టులో తువ్వాలుకి తీసుకుంటాం గానీ ఇంట్లో టీకి తీసుకోం అన్నాడు. తువ్వాలు నూటపది. బేరమాడితే నూటపదే. నవ్వుతూ చెప్పాడు కాబట్టి కోపం రాలేదు.

ఆయన ఇంటి పై వాటా ఖాళీగా ఉంది. రెండు రోజులు అందులోనే ఉండి చూడమన్నాడు. ఈల సంగతి చెబితే, ఈ వీధిలో మీ ఈల మీకే ఇనపడదు సార్ అన్నాడు. నిజమే చెప్పాడు. నాలుగింటికే గుడి మైకు, తర్వాత బస్సుల హారన్లు, ఆటోలు, యాత్రికుల కేకలు. ఈల మునిగిపోయింది కానీ నిద్ర రాలేదు. ఒక్కో హారన్‌కి ఒక్కోసారి ఉలిక్కిపడి లేచేవాడు. ఎప్పుడే చప్పుడు వస్తుందో తెలియకపోతే చెవి కాపలా కూర్చుంటుంది అన్నాడు. నేను రికార్డు చేసిన నిమిషంలో నాలుగు హారన్లు, ఒక దండోరా, ఎవరిదో పోట్లాట ఉన్నాయి.

మర్నాడు బాషాగారి పక్కింట్లో కలంకారీ వేస్తారంటే చూడ్డానికి వెళ్ళాం. అక్కడ నడివయసు ఆవిడ ఒక పెద్ద గుడ్డ పరుచుకుని కూర్చుంది. మీద నల్లగీతలు గీసి ఉన్నాయి. ఆ గీతల మధ్య ఆవిడ గుడ్డముక్క చుట్టిన పుల్లతో నీళ్ళలాంటిదేదో పూస్తోంది. పూసినచోట ఏమీ కనబడటం లేదు. అది పటిక నీళ్ళట. ఎరుపు రావాల్సిన చోటల్లా ముందు పటిక పూసి, ఆరబెట్టి, ఉతికి, వేర్లూ చెక్కలూ వేసిన నీళ్ళలో ఉడకబెడితే, పటిక తగిలినచోట మాత్రమే ఎర్రగా తేలుతుందట. అప్పటిదాకా ఏది పూశారో, ఏది మరిచారో చూసేవాళ్ళకి తెలియదు.

గోడకి ఆనించి చుట్టిపెట్టిన మరో గుడ్డ చూపించి, అది మా అత్త పూసిపెట్టి పోయింది అని చెప్పింది ఆవిడ. ఆమె చనిపోయి ఏడాదిన్నర అయిందట. ఎందుకు ఉడకబెట్టలేదని అడిగాను. ఉడకబెడితే ఆమె చేయి కనబడుతుంది, దానికి ఇంకా ధైర్యం రాలేదు అంది. ఆ గుడ్డ విప్పి చూపించింది. నల్లగీతలు తప్ప ఏమీ లేదు. సత్యం మాత్రం దాన్ని చాలాసేపు చూశాడు. ఉన్నదే కనపడనప్పుడు లేనిది వినపడితే తప్పేముంది అని నా వైపు తిరిగి అన్నాడు. రెండేళ్ళలో ఆయన వేసిన మొదటి జోకు అది. నాకు నవ్వు రాలేదు, భయమేసింది.

ఖాళీ చేస్తున్నామని చెబితే బాషాగారు నగరి పేరు చెప్పాడు.

“గోవిందు అని, మాకు తువ్వాళ్ళు నేసిచ్చేవాడు. పోయినాడు పాపం, ఆరేండ్లయింది. ఆ యమ్మ ఇల్లు బాడిగకి ఇస్తాంది. ఈడ మాదిరి మైకులుండవు, బండ్లు తిరగవు. ప్రశాంతంగా ఉంటాది అప్పా.”

నేను రెండుసార్లు అడిగాను, చప్పుడేమీ ఉండదు కదా అని. ఆడ సప్పుడేముంటాదమ్మా అని నా అమాయకత్వానికి నవ్వాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నాకు మర్నాడు పొద్దున తెలిసింది.

నగరి, అమావాస్య

నగరికి వెళ్ళేవాళ్ళకి ఊరికంటే ముందు కొండ కనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషి ముఖంలా ఉంటుంది, ముక్కు మరీ స్పష్టంగా. బస్సు ఎంత తిరిగినా ఆ ముఖం మన పక్కనే వస్తుంది. టిఫిను దగ్గర అరవం, తెలుగు కలిసిపోయాయి. పొంగలి నలభై, సాంబారు ఎంతైనా పోస్తారు. మా వైపు ఉప్మాకి పచ్చడి అడిగితే మొహం చిట్లిస్తారు.

మేము వెళ్ళింది పదకొండు గంటలకి. నేత వీధి అంటే సందడిగా ఉంటుందనుకున్నాను. వీధి వీధంతా గుమ్మంలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పిల్లలు కూడా మెల్లగా మాట్లాడుతున్నారు. కరెంటు తీగల మీద, కిటికీ ఊచల మీద దూది నూగు పట్టి ఉంది. ఏర్పేడులో మనుషులు లేని నిశ్శబ్దం. ఇక్కడిది మనుషులు ఊపిరి బిగబట్టినట్టున్న నిశ్శబ్దం. నాకు మాత్రం లాటరీ తగిలినట్టుంది. ఊరూ ఉంది, చప్పుడూ లేదు. ఇంకేం కావాలి?

కుప్పమ్మ గోవిందు భార్య. యాభై దాటి ఉంటుంది, ఎత్తుగా, గట్టిగా ఉంది. పక్కవీధిలో కూతురింట్లో ఉంటోంది. తాళం తీసి రెండు గదులు, వంటిల్లు చూపించింది. అద్దె మూడు వేల ఐదొందలు. మూడో గది తలుపు తీసేముందు షరతు చెప్పింది. అందులో గుంతమగ్గం ఉంది, దాన్ని తీయకూడదు. దాని మీద పడుగు ఉంది, తెంపకూడదు.

పాత చీర తొలగించి చూపించింది. నేలలో మోకాళ్ళ లోతు గుంత, గుంతలో కాళ్ళతో తొక్కే చెక్కలు, పైన నిలువునా బిగదీసిన దారాలు, అదే పడుగు. మూరెడు గుడ్డ నేసి ఆగిపోయింది. మగ్గం మీద పడుగు అయిపోయినా పోగుల్ని విడదీసి పట్టే అచ్చులోంచి దారాలు పూర్తిగా లాగేయరట. కొసలు ఉంచి, కొత్త పడుగులోని ప్రతి పోగునీ పాత పోగుకి ముడేసి లాగుతారు. వేల పోగులు, వేల ముళ్ళు. గోవిందు నాయన వేసిన కొసకి గోవిందు ముడేశాడు. ఆ నాయన తన నాయన కొసకి. గుడ్డలు అమ్ముడుపోయాయి కానీ దారం మాత్రం ఎప్పుడూ తెగలేదు.

“దీన్ని తెంపితే నేనే తెంపినట్టు గదా మా. అతికేవాళ్ళు లేకపోయినా పర్వాలేదు, తెంపింది నేను కాకూడదు” అంది కుప్పమ్మ.

నాకు షరతులంటే పడవు. కానీ ఆ ఇంటి నిశ్శబ్దం నన్ను పట్టేసింది. మగ్గం గది మధ్యలో ఫోను పెట్టి, ఒక నిమిషం ఎవరూ మాట్లాడకండి అని చెప్పాను. కుప్పమ్మ తలుపు దగ్గర నిలబడింది. సత్యం గోడకి ఆనుకుని ఉన్నాడు. సగం నిమిషం కాకముందే ఆయన తల పక్కకి వంచి, కిటికీ చెక్క మీద వేలితో చప్పుడు రాకుండా కొట్టడం మొదలుపెట్టాడు. నిమిషం అయ్యాక, ఎవరో నేస్తున్నారు అన్నాడు.

ఎవరూ నేయడం లేదు. నాకు వినబడింది ఒక్క కాకి. కుప్పమ్మ ఆయన్ని తేరిపార చూసింది.

“ఈ పొద్దు అమావాస సార్. ఊర్లో ఎవురూ మగ్గం ఎక్కరు. మిషను మగ్గాలు కూడా తిప్పరు.”

అప్పుడు నాకు అర్థం కావాల్సింది. కాలేదు. ఆమె ముఖం చూస్తూ మిగతావి మర్చిపోయాను. ఎట్లా ఇనిపిస్తాంది అని అడిగింది. సత్యం కిటికీ చెక్క మీద గట్టిగా కొట్టి చూపించాడు. టక్, టక్. ఆగి, టక్. మళ్ళీ టక్, టక్. ఆగి, టక్.

కుప్పమ్మ గుంత అంచున కూర్చుండిపోయింది. మెల్లగా చెప్పింది. గోవిందుకి చిన్నప్పుడే జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడిందట. ఆ కాలితో తొక్కేటప్పుడు ఒక రవ్వ ఆలస్యమయ్యేదట. ఆమె పెళ్ళై వచ్చిన కొత్తలో మామా మొగుడూ ఇదే మగ్గం మీద మార్చి మార్చి నేసేవాళ్ళు. వంటింట్లో ఉండి దెబ్బ విని, మగ్గం మీద ఎవరున్నారో చెప్పేది. మామ నేస్తుంటే కొంగు కప్పుకుని నీళ్ళిచ్చేది. మొగుడైతే కప్పుకునేది కాదు. ఒక్కసారీ తప్పలేదట.

సత్యం ఆ ఊరికి ఎప్పుడూ రాలేదు. కాలి సంగతి బాషాగారు మాకు చెప్పలేదు. ఇది నేను ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడే ఆగిపోతున్నాను.

ముగ్గురు బాడిగకి ఉండి వెళ్ళారని, వాళ్ళెవరికీ ఏమీ వినబడలేదని చెప్పింది కుప్పమ్మ. ఆమె కూడా రెండేళ్ళు ఒక్కతే ఆ ఇంట్లో ఉండి, అమావాస్య అమావాస్యకీ ఈ గదిలో కూర్చుని విన్నది. ఏమీ రాలేదు. కూతురింటికి పోయింది అందుకే. దయ్యం ఉంటే భయపడి పోతారు గానీ, లేదని భయపడి పోయింది ఈమె.

ఆ రోజు మమ్మల్ని వెళ్ళనివ్వలేదు, రాత్రికి ఆ ఇంట్లోనే పడుకోమంది. రాగిసంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి, గుమ్మడికాయ పులుసు పెట్టింది. మగ్గం మీద ఉన్న మనిషిని అన్నానికి కూడా నడుమలో పిలవకూడదని, పిలిస్తే చెయ్యి తడబడి పోగు తెగుతుందని తినేటప్పుడు చెప్పింది. నేసిన గుడ్డని ముందున్న దోనె అనే కర్రకి చుట్టుకోవడానికి వాళ్ళే ఆగి లేస్తారట. అప్పటిదాకా అన్నం మీద మూత పెట్టి పక్కన కూర్చునేదట. ముప్పై ఏళ్ళు కూర్చున్నా మా, నేనెప్పుడూ ఏడన్నం తినలేదు అని నవ్వింది. ఏడన్నం అంటే వేడి అన్నం. నాకు ఆవిడ మీద బెంగ పుట్టింది.

నగరి, మర్నాడు

ఆరు గంటలకి ఇల్లు కంపించింది. భూకంపమనుకుని లేచాను. కుడి గోడ వెనక ధడధడ, ఎడమ గోడ వెనక ధడధడ, వీధి అటూ ఇటూ ధడధడ. కుండ మీద మూత నాట్యం చేస్తోంది. ఊరు ఊరంతా మిషను మగ్గాలు తిప్పింది. అమావాస్య సెలవు అయిపోయింది.

నెలకి ఒక్క రోజు నోరు మూసుకునే వీధిని, సరిగ్గా ఆ ఒక్క రోజే వచ్చి, నిశ్శబ్దమైన వీధి అనుకున్నాను. నా తెలివికి నేనే మొట్టికాయ వేసుకున్నాను. వీధిలోకి పరుగెత్తి, ఎదురొచ్చిన కుప్పమ్మతో ఈ చప్పుడేమిటని అరిచాను. ఆమె అటూ ఇటూ చూసి, సప్పుడా, యాడ అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. బాషాగారూ అంతే. ఈ మనుషులకి మగ్గం చప్పుడు చప్పుళ్ళ లెక్కలోకి రాదు. గాలి వీస్తోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?

నా పని ఇక్కడ ఒక్క రోజు కూడా సాగదు. బీరువా కాదు కదా, భూమి లోపల దూరినా సాగదు. బస్సుకి పోదాం లెమ్మని సత్యాన్ని లేపడానికి లోపలికి వెళ్ళాను. మగ్గం గదిలో చాప మీద, గుంత పక్కనే పడుకుని ఉన్నాడు. పిలిచాను, లేవలేదు. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు వదిలేసి, పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. రెండేళ్ళుగా ఆ ముఖం అంత వదులుగా ఉండగా నేను చూడలేదు. పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ ధడధడలో నా ఏడుపు నాకే వినబడలేదు.

ఆయన పదకొండున్నరకి లేచాడు. ఈల ఉందా అంటే, ఉందేమో, తెలియడం లేదు అన్నాడు. హారన్‌లా ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడు కాదట ఇది, దెబ్బ తర్వాత దెబ్బ వస్తుందని చెవికి నమ్మకం కుదిరిందట. కుప్పమ్మ వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది, నిన్నటిది ఇప్పుడు ఇనిపిస్తాందా అని. ఇంతమంది మధ్య ఎలా వినిపిస్తుంది, మళ్ళీ అమావాస్యకి చూడాలి అన్నాడు సత్యం. ఆమె తల ఊపింది.

ఇల్లు నేనే ఒప్పుకున్నాను. నా పని పోతుందని తెలిసే ఒప్పుకున్నాను. కుప్పమ్మ అడ్వాన్సు అడగలేదు. ఆయనకి ఎప్పుడు ఇనిపించినా నాకు ఒక మాట చెప్పు మా, చాలు అంది. సరేనన్నాను. ఎంత బరువైన మాట ఇచ్చానో అప్పుడు తెలియలేదు.

గాజువాక

వచ్చి పది రోజులైంది. లారీ మాట్లాడాం. సామాను సర్దుతూ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను, ఎందుకంటే నిన్న జరిగింది రాయకపోతే నేను పడుకోలేను.

ఇక్కడికి రాగానే సత్యానికి మళ్ళీ నిద్ర లేదు. నిన్న మధ్యాహ్నం అన్నం వడ్డించి, ఆయన స్నానం చేసి వచ్చేలోపు రికార్డింగులు సరిచూద్దామని కూర్చున్నాను. నగరి నిమిషాన్ని అంతకుముందే హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదిసార్లు విన్నాను. ఒక కాకి తప్ప ఏమీ లేదు. తెరమీద గీత కూడా చదునుగానే ఉంది. నిన్న దాన్ని స్పీకర్లో పెట్టి, అయిపోగానే మళ్ళీ మొదటికి వచ్చేలా వదిలేసి, ఊరగాయ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి సత్యం నేల మీద పడుకుని నిద్రపోతున్నాడు. బయట లారీలు పోతున్నాయి, ఆయనకి తెలియడం లేదు. నాకు సంతోషమే వేసింది ముందు. తర్వాత ఆయన కాళ్ళు చూశాను.

కాళ్ళు కదులుతున్నాయి. మడమలు నేలకి ఆనించి, ముందు పాదాలతో తొక్కుతున్నట్టు. ఒక కాలు చటుక్కున దిగుతోంది. రెండో కాలు దిగబోయి, ఆగి, దిగుతోంది. మా ఆయన జన్మలో మగ్గం ఎక్కలేదు.

నేను స్పీకరు ఆపాను. కాళ్ళు ఆగిపోయాయి, కనురెప్పలు కదిలాయి, నుదురు ముడిపడింది. మళ్ళీ పెట్టాను. ముడి విడిపోయింది, కాళ్ళు మొదలయ్యాయి. మూడుసార్లు అలాగే చేశాను. మూడుసార్లూ అంతే. ఏమీ లేని రికార్డింగు అది, కాకి తప్ప.

ఈ మనిషిని నేను పిట్టగోడ మీద నుంచి దింపి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఎవరి చేతికి ఇస్తున్నాను? ఆ ఇల్లు వద్దని చెప్పేద్దామనే ఫోను తీశాను. కుప్పమ్మ ఎత్తింది. ఆమె వెనక ఊరంతా ధడధడలాడుతోంది. చెప్పదలుచుకున్నది చెప్పలేక, చూస్తున్నది చెప్పాను. కాళ్ళ సంగతి. ఇచ్చిన మాట అది కదా.

ఆమె ఆశ్చర్యపోలేదు. ఏ కాలు ఆగతాంది అని మాత్రం అడిగింది. వంగి చూశాను.

“ఎడమది” అన్నాను.

మగ్గాల చప్పుడులోంచి ఆమె గొంతు వచ్చింది, ఏడుస్తున్న గొంతు కాదు, ఇంటిపని చెబుతున్న గొంతు.

“లేపొద్దు మా. గుడ్డ సుట్టుకొనేదానికి ఆయనే లేస్తాడు.”

ఫోను పెట్టేశాను. స్పీకరు ఆపడానికి చెయ్యి చాపాను. సత్యం ముఖం చూశాను. రెండేళ్ళ అలసట ఒక్కొక్క గీతే విడిపోతున్న ముఖం. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అన్నం మీద మూత పెట్టి, పక్కన కూర్చున్నాను.